ఇరవై ఏడో మంచం

పాడె మీది శవం దగ్గింది.

ముందు కొమ్ములు మోస్తున్న నాగసాని అడుగు తప్పలేదు. "చచ్చినవాళ్లు దగ్గకూడదు దొరా. ఇంకో నూరడుగులు ఓర్చుకో," అంది పళ్ల సందులోంచి.

వెనక కొమ్ములు మోస్తున్న చెన్నవీరుడు అడుగు వేగం పెంచాడు. అతని చూపు ముసుగు గుడ్డ మీది మరక మీదే ఉంది. ఎర్రగా మొదలైన ఆ మరక అంచుల్లో నల్లబడుతోంది. పొద్దున అరచెయ్యంత ఉన్నది ఇప్పుడు విస్తరాకంత అయింది.

ఆ ముసుగు కింద ఉన్నది హరిద్రాపుర యువరాజు ప్రసేనుడు. మూడు రోజుల కిందట లోయ దాటుతుండగా, గుర్రం కాళ్ల కింది రాతి వంతెన ఉన్నట్టుండి పొగమంచై కరిగిపోయింది. అది కరాళుడనే మాయావి చేసిన పని. చేయించినవాడు యువరాజు పినతండ్రి దుర్జయుడు. గుర్రం చచ్చింది. యువరాజు బతికాడు గాని, కుడి తొడ ఎముక రెండుగా విరిగి, ఒక ముక్క చర్మాన్ని చీల్చుకుని బయటికి పొడుచుకొచ్చింది.

హరిద్రాపుర సింహాసనానికి ఇరవై ఒక్క మెట్లు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆ మెట్లెక్కి కూర్చున్నవాడే రాజు. కర్ర ఆనినవాడికి ఆ పీఠం దక్కదు. పట్టాభిషేకం శ్రావణ పౌర్ణమికి, ఇది చైత్రం. నాలుగు నెలల్లో యువరాజు తన కాళ్ల మీద తాను నిలబడకపోతే ఆ మెట్లు దుర్జయుడు ఎక్కుతాడు.

చెన్నవీరుడిది కట్టువాళ్ల వంశం. విరిగిన ఎముకను వేళ్లతో తడిమి, సర్ది, వెదురు బద్దలు వేసి కట్టడం ఏడు తరాలుగా వాళ్ల వృత్తి. ఈ కాలు మాత్రం బద్దలకు లొంగేది కాదు, లోపల చీము పట్టింది. గాయం తెరిచి, కుళ్లు కోసేసి, మూలుగ ఉండే దారిన ఒక లోహపు శలాక దించి రెండు ముక్కల్నీ ఒకటి చెయ్యాలి. తుప్పెరగని అలాంటి శలాకలు ఒక్కచోటే ఉన్నాయని తాత చెప్పగా విన్నాడు. మూగకోనలో, వెనకటి రాజులు గాయపడ్డ సైనికుల కోసం కట్టించిన శల్యశాలలో. డెబ్భై ఏళ్లుగా అది పాడుబడి ఉంది. అందులోకి వెళ్లినవాళ్ల కథలు ఎన్నో ఉన్నాయి గాని తిరిగి వచ్చినవాడి కథ ఒక్కటీ లేదు.

శవం వేషంలో దుర్జయుడి కాపలాలు రెండు దాటించారు. మూడోది ఏటి గట్టున ఉంది. ఆ దగ్గు అక్కడి రౌతు చెవిలో పడింది. అతను తల తిప్పి చూసేసరికి శవం ముసుగు సర్దుకుంటోంది.

బూర మోగింది.

నాగసాని, చెన్నవీరుడు పరుగందుకున్నారు. బాణం ఒకటి పాడె కొమ్ములో దిగింది, ఇంకొకటి చెన్నవీరుడి తలపాగా ఎగరగొట్టింది. మోకాళ్ల లోతు ఏరు చిమ్ముకుంటూ దాటారు. వెనక యాభై గుర్రాల డెక్కల చప్పుడు. ఒడ్డెక్కి నాగసాని వెనక్కి చూసింది.

యాభై గుర్రాలూ అవతలి ఒడ్డునే ఆగిపోయాయి. రౌతుల్లో ఒకడు ఆకాశంలోకి చూసి చేతులు జోడించాడు. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉన్నాడు. మిట్టమధ్యాహ్నం మూగకోన శల్యశాలలో అడుగుపెట్టే ధైర్యం వాళ్లలో ఎవడికీ లేదు.

"పొద్దు వాలేదాకా మనల్ని దయ్యాలు కాస్తాయన్నమాట," అంది నాగసాని. యువరాజు దాదికి కూతురు ఆమె. అతనితో పాటు ఒకే పాలు తాగి, అతనితో పాటే కత్తి నేర్చింది. "వాలాక ఎవరు కాస్తారో ఆలోచించావా ఎముకలయ్యా?"

ఎముకలయ్య ఆలోచించలేదు. తలుపు తోశాడు.

నూట ఇరవై స్తంభాల మహామండపం. ప్రతి స్తంభానికీ ఒక అవయవం చెక్కి ఉంది. ఒకదానిమీద వేళ్లు విప్పిన చెయ్యి, మరొకదానిమీద మణికట్టు, ఇంకొకదానిమీద పక్కటెముకల పంజరం. కప్పు మధ్యలో గుండ్రటి కంత. దానిలోంచి ఎండ నిలువుగా దిగి, నడుమ ఉన్న నల్లరాతి కోత బల్లమీద పళ్లెంలా పడి ఉంది. గాలి లేదు. సాలెపురుగు కూడా లేదు. అటూ ఇటూ వరసగా రాతి మంచాలు, మొత్తం ఇరవై ఏడు. అన్నీ ఖాళీ.

ఖాళీయే గాని ప్రతి మంచం మీదా ఒక నీడ పడుకుని ఉంది.

మిట్టమధ్యాహ్నం దేనికీ నీడ ఉండదు. నాగసానికి లేదు, చెన్నవీరుడికి లేదు, అంత లావు స్తంభాలకే లేదు. మంచాల మీద మాత్రం మనుషుల నీడలు. ఒకదాని చెయ్యి మోచేతి దగ్గర వెనక్కి మడిచినట్టుంది, ఒకదాని మెడ పక్కకు ఒరిగింది, ఒకదాని కాలు కొడవలిలా వంగింది. అవి కదులుతున్నాయి, జ్వరం వచ్చినవాడు పక్క మీద కదిలినట్టు మెల్లగా.

నాగసాని కత్తి దూసింది. నీడను నరికినవాళ్లు ఎవరూ లేరని చెన్నవీరుడు గుర్తుచేశాడు. యువరాజును బల్లమీదికి చేర్చాడు. గోడ గూట్లో రాగిపెట్టె దొరికింది. తెరిస్తే శలాకలు, ఉలులు, పట్టకార్లు, ఎముక తొలిచే బరమా, నిన్న తోమిపెట్టినట్టు మెరుస్తున్నాయి. నిప్పుల కుంపటి రాజేసి, వేపనీళ్లు మరిగించి, తానూ నాగసానీ ముక్కుకు తడిగుడ్డ కట్టుకున్నాక, చిటికెడు మగత పొడి నిప్పుల మీద చల్లాడు. ఉమ్మెత్త గింజలూ మరేవో వేర్లూ కలిపి నూరిన పొడి అది. పొగ పీల్చిన యువరాజు కళ్లు మూతపడ్డాయి.

చెన్నవీరుడు కత్తి తీసి గాయం మీద పెట్టాడు. కత్తి దిగలేదు. వెన్నలో దిగినట్టు దిగాల్సిన కత్తి, మనిషి చర్మం మీద బండరాయి తగిలినట్టు ఆగింది. మరో కత్తి తీశాడు, అదీ అంతే. కుంపటిలో నిప్పులు ఒక్కసారిగా నీలంగా మారాయి. స్పృహ లేని ప్రసేనుడి పెదాలు కదిలాయి. వచ్చిన గొంతు అతనిది కాదు.

"మా వరస ఏమైంది?"

నాగసాని గోడకు అంటుకుపోయింది. చెన్నవీరుడు మాత్రం వృత్తి ధర్మం మరిచిపోలేదు. నువ్వెవరు, ఎక్కడ విరిగింది అని అడిగాడు.

తాను మొదటి మంచం వాడిననీ, దళవాయి బొల్లననీ ఆ గొంతు చెప్పింది. డెబ్భై ఏళ్ల కిందట యుద్ధంలో విరిగిన ఎముకలతో ఇరవై ఏడుగురు ఇక్కడికి వచ్చారు. వైద్యుడు మొదటి మంచం దగ్గర కూర్చుని కట్టు మొదలుపెట్టిన క్షణాన అంతఃపురం నుంచి మేనా వచ్చింది. వేటలో రాజుగారి మణికట్టు బెణికిందట. వైద్యుడు కట్టు సగంలో వదిలి మేనా ఎక్కాడు. మళ్లీ రాలేదు. ఏరు పొంగింది. తలుపులు బయటనుంచి గడియపెట్టి ఉన్నాయి. నొప్పితో, దాహంతో, ఒకరి తర్వాత ఒకరు పోయారు. పోయారు గాని వరస వదల్లేదు.

చెన్నవీరుడు తలవంచుకున్నాడు. కట్టువాళ్ల ఇంట రాజూ లేడు, బంటూ లేడు. ముందు పడుకున్నవాడిదే ముందు కట్టు. పాలు మరిచిన నాటి నుంచీ నేర్పే మాట అది. ఆ మాట తప్పినవాడు తన వృత్తివాడే. ఇప్పుడు ఇరవై ఏడు మంచాలు దాటి రాజు కొడుకు మీద కత్తి పెట్టినవాడూ తన వృత్తివాడే.

"వీళ్లందరికీ కట్టాకే దొరకు కడతానంటావేమో," అంది నాగసాని.

"అంతే."

"నీడకు కట్టెలా కడతావయ్యా?"

చెన్నవీరుడు మంచం కిందికి వంగి చూశాడు. దుమ్ములో ఎముకలు ఉన్నాయి. దళవాయి ముంజేతి ఎముక రెండు ముక్కలుగా, పడినచోటే పడి ఉంది. నీడను కాదు, నీడకు మూలమైనదాన్ని సర్దాలి. రివాజు ప్రకారం మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని అడిగాడు. "కట్టనా?" బల్లమీది ప్రసేనుడి పెదాల నుంచి జవాబు వచ్చింది. "కట్టు."

పాడె వెదుళ్లు విప్పి బద్దలుగా చీల్చారు. ముసుగు గుడ్డ చింపి పేలికలు చేశారు. ముక్కకు ముక్క ఆనించి, బద్ద పెట్టి, ఏడు చుట్లు చుట్టి ముడి వేశాడు చెన్నవీరుడు. మంచం మీది నీడ చెయ్యి నిటారుగా చాపి, నిట్టూర్చినట్టు పొంగి, ఆరిపోయింది.

రెండో మంచం, మూడో మంచం. నాగసాని బద్దలు చీలుస్తోంది, అతను కడుతున్నాడు. ప్రతి మంచం దగ్గరా అదే ప్రశ్న, ప్రసేనుడి నోటినుంచి ప్రతిసారీ వేరే గొంతులో అదే జవాబు. పదో గొంతు నీళ్లు అడిగింది. పద్నాలుగో గొంతు, యుద్ధం గెలిచామా అని అడిగింది. చెన్నవీరుడికి ఏం తెలుసు? గెలిచాం అన్నాడు. ఆ నీడ నవ్వుతూ ఆరిపోయింది. పంతొమ్మిదో మంచం కింద పక్కటెముకలు సర్దుతుంటే, చల్లటి వేళ్లేవో అతని వేళ్లమీద వాలి సరైన చోటు చూపించాయి. అతను చెయ్యి ఆపలేదు.

ఒక సంగతి నాగసాని గమనించింది. కప్పు కంతలోంచి పడే ఎండ వెంట్రుకవాసి కదల్లేదు. ఆ కోనలో మధ్యాహ్నం ఆగిపోయింది. ఏటి అవతల రౌతులు పొద్దు వాలడం కోసం ఇంకా చూస్తూనే ఉన్నారు. సూర్యుడైతే ఆగాడు గాని యువరాజు కాల్లో చీము ఆగలేదు. తొడ మీది నలుపు నాలుగు వేళ్లు పైకి పాకింది. ఇంకో నాలుగు వేళ్లు పాకితే ఇక కట్టు కాదు, రంపమే.

ఇరవై ఆరో ముడి పడింది. చెన్నవీరుడు ఇరవై ఏడో మంచం కిందికి వంగాడు.

ఎముకలు లేవు.

మంచం మీద నీడ ఉంది. ఎడమ కాలు కొడవలిలా వంగిన నీడ. కిందిది మాత్రం శుభ్రమైన రాతి నేల, దానిలో ఒక తూము కంత. పిల్లి దూరేంత కంత, మనిషి దూరాలంటే ప్రాణం మీద ఆశ చాలా ఉండాలి.

తలుపు దగ్గర టక్కుమని చప్పుడైంది. కర్ర చప్పుడు, వెంటనే ఈడ్చే కాలి చప్పుడు. రౌతులు దాటని ఏరు ఒక్కడే దాటి వచ్చినవాడు గడపలో నిలబడ్డాడు. వాడి చేతికర్ర మనిషి తొడ ఎముక, మెడలో దంతాల దండ. తొంభై ఏళ్ల కళ్లున్న పాతికేళ్ల ముఖం. ఎడమ కాలు కొడవలిలా వంగి ఉంది.

నాగసాని ఎగిరి మెడమీద వేటు వేసింది. నీళ్లను కోసినట్టు కత్తి ఇటు దిగి అటు వచ్చింది. వంతెన కరిగించిన కరాళుడు మెడ తడుముకోనైనా లేదు.

"నన్ను చంపలేవు పిల్లా. నాకు ఇంకా వంతు రాలేదు," అన్నాడు.

తన కథ తనే చెప్పాడు. తలుపులు గడియపడ్డ మూడో రోజున ఆ తూములోంచి శరీరం పాకి బయటపడింది. వంతు మాత్రం మంచం మీద ఉండిపోయింది. వంతును అక్కడే వదిలి వచ్చిన ఒంటికి, ఆ వంతు వచ్చేదాకా వయసూ పెరగదు, చావూ రాదని బయటి లోకంలో బతికాక తెలిసింది. కాలు వంకరగా అతుక్కుంది. నొప్పి ఒక్కరోజూ వదల్లేదు. ఆ నొప్పి తట్టుకోవడానికి మొదట మంత్రాలు నేర్చాడు, తర్వాత రాజుల్ని పడగొట్టడం నేర్చాడు.

"ఓరి కట్టువాడా, నీ వంశం రివాజు నాకు తెలుసు. రోగి ఒప్పుకోకుండా ముట్టవు. నేను ఒప్పుకోను. నా తర్వాతనే వీడు. నేను ఇక్కడ కూర్చుంటా, వీడి కాలు కుళ్లుతుంటే చూస్తా." వెళ్లి తన నీడమీద తాపీగా కూర్చున్నాడు. నీడా మనిషీ అంచుకు అంచు అతికాయి.

చెన్నవీరుడు చేతులు కట్టుకుని అతని ముందు కూర్చున్నాడు, కుంపటిని తమ ఇద్దరి మధ్యకు జరుపుకుని. బతిమాలడం మొదలుపెట్టాడు. అతని చేతిలోని సంచిలోంచి మగత పొడి మెల్లగా నిప్పుల్లోకి జారుతోంది.

"ముక్కుకు ఆ గుడ్డలేమిటి? రాజు బిడ్డ కుళ్లు వాసన పడట్లేదా?" అని కరాళుడు గుండెనిండా గాలి పీల్చి నవ్వాడు.

"కట్టనా?" అని చెన్నవీరుడు అడిగాడు.

"కట్టకు."

"కట్టనా?"

"కట్ట...కు." కరాళుడు మరోసారి నవ్వాడు. ఆ నవ్వు సగంలో జారిపోయింది.

మూడోసారి అడిగినప్పుడు జవాబు రాలేదు. చంకలో బిడ్డను, స్పృహ తప్పినవాణ్ణి అడగక్కర్లేదని కూడా ఆ వంశం రివాజే. ఆ సంగతి కరాళుడికి ఎవరూ చెప్పలేదు.

చెన్నవీరుడు కత్తి అందుకున్నాడు. ఈసారి కత్తి దిగింది. పిక్క ఎముక మీద, అతుకు పడ్డచోట వేరు బుడిపెలా ముడి కట్టి ఉంది. ఉలి ఆనించి సుత్తితో మూడు దెబ్బలు వేశాడు. డెబ్భై ఏళ్ల వంకర పుటుక్కున విరిగింది. మడమ పట్టి లాగమన్నాడు. నాగసాని తిట్టుకుంటూనే లాగింది. బద్ద పెట్టాడు. నాలుగో చుట్టు దగ్గర కరాళుడు కళ్లు తెరిచాడు.

నాగసాని మడమ మీద పట్టు బిగించింది. ఆ కళ్లలో మాయావి లేడు.

"నా వంతు వచ్చిందా?" పాతికేళ్లు కూడా నిండని సైనికుడి గొంతు.

"వచ్చింది తమ్ముడూ."

"గట్టిగా బిగించకయ్యా. నొప్పి."

చెన్నవీరుడు ఒక చుట్టు విప్పి, వదులుగా మళ్లీ చుట్టాడు. ఏడో చుట్టు, ముడి. సైనికుడు కాలు చాపి, దానివంక చూసుకున్నాడు. జుట్టు నెరిసింది, ముఖం ముడతలు పడింది, మంచం మీద దుమ్ము మిగిలింది. ఆ దుమ్ములో కట్టు ఒక్కటే చెక్కుచెదరకుండా ఉంది.

అప్పుడు ఎండ కదిలింది. ఇంతసేపూ ఆగిన మధ్యాహ్నం తాడు తెగినట్టు ఒక్క ఊపున పడమటికి జారింది. నూట ఇరవై స్తంభాలకూ నూట ఇరవై నీడలు పుట్టి నేలమీద పొడుగ్గా పాకాయి.

"ఎముకలయ్యా," అంది నాగసాని నెమ్మదిగా, "మన కాపలావాళ్లందరినీ మనమే పంపించేశాం."

ఏటి అవతల బూర మోగింది.

ఆమె తలుపుకు లోపలి గడియ వేసి, రాతి మంచం పలక ఒకటి అడ్డం నెట్టి పరుగెత్తి వచ్చింది. మగత పొడి గింజ మిగల్లేదు. ప్రసేనుడికి మెలకువ వచ్చింది. విషయం రెండు ముక్కల్లో చెప్పారు. అతను పాడె తాడు నోట కరుచుకుని, కొయ్యి అన్నట్టు కనురెప్ప దించాడు.

గాయం తెరిచాడు చెన్నవీరుడు. చీము వేపనీళ్లతో కడిగాడు. చచ్చిన కండ కోసి పారేశాడు. ఎముక అంచుల్లో నల్లబడ్డ చెక్క తీసేసి, తెల్లటి ఎముక కనబడేదాకా గీకాడు. శలాకను పై ముక్క మూలుగలోకి ఎక్కించి కొడితే, దాని కొన తుంటి పక్కన చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. ఇక రెండు ముక్కల్నీ ఎదురెదురుగా పెట్టి, తుంటివైపు నుంచి కొట్టి శలాకను కింది ముక్కలోకి దించాలి. కాని తొడ కండరం బిగిసి, కింది ముక్కను పైకి లాగేస్తోంది.

"పట్టి లాగు. నేను చెప్పేదాకా వదలకు," అన్నాడు.

నాగసాని ఒక చేత్తో మడమ పట్టి లాగింది, రెండో చేతిలో కత్తి ఉంది. ఎముకలు సగమే ఎదురయ్యాయి. ఏట్లో నీళ్లు చిమ్ముతున్న చప్పుడు, తర్వాత మెట్ల మీద డెక్కల చప్పుడు. తలుపు మీద మొదటి గొడ్డలి దెబ్బ పడింది.

ఆమె తలుపు వైపు చూసింది. గడియ చెక్క పుచ్చి ఉంది. గుమ్మంలో నిలబడితే ఒక్కొక్కణ్ణీ ఆపగలదు, నలుగురినో అయిదుగురినో. వదిలితే ఏమవుతుందని అడిగింది.

"కాలు నాలుగు వేళ్లు పొట్టిదవుతుంది. మళ్లీ తెరవడానికి ఈ ఒంట్లో రక్తం లేదు."

నాగసాని ప్రసేనుడి ముఖంలోకి చూసింది. తాడు కరుచుకున్న పళ్ల మధ్య నెత్తురు. అతను తల అడ్డంగా ఊపాడు. తనను వదిలి పొమ్మని. ఆమె కత్తి నేలమీద పెట్టి, రెండు చేతులతో మడమ పట్టుకుని, బల్లకు పాదం తన్నిపెట్టి, ఒళ్లంతా వెనక్కి వేసి లాగింది. ఎముక ఎముకకు ఎదురైంది.

"కొట్టు," అంది.

సుత్తి పడింది. గొడ్డలి పడింది. శలాక వేలెడు దిగింది, తలుపు చెక్క జానెడు చీలింది. మళ్లీ సుత్తి, మళ్లీ గొడ్డలి. చీలికలోంచి ఇనుప తొడుగు వేసిన చెయ్యి ఒకటి లోపలికి వచ్చి గడియ కోసం తడుముతోంది. అది నాగసానికి కనబడుతూనే ఉంది. ఆమె చేతులు సడలలేదు.

శలాక ఇంకా మూడు వేళ్లు బయటే ఉంది.

గడియ ఊడింది. పలక నేలమీద పడి బద్దలైంది. మొదటి రౌతు కత్తి దూసుకుని లోపలికి దూకాడు.

చెన్నవీరుడు అటు చూడలేదు. ఆ శాలలో సగంలో వదిలిన కట్టు ఒకటి చాలు. సుత్తి ఎత్తాడు.